పొగగొట్టమునకు హద్దు గీయునదెవరు?
కేంద్ర నియమములు – రాష్ట్ర మండలి బాధ్యత

దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని మన పెద్దలు చెప్పుదురు. శాసనముల విషయములోను ఈ సామెత తరచు నిజమగుచుండును. ఢిల్లీలో పార్లమెంటు చట్టము చేయును. కేంద్ర ప్రభుత్వము గెజిట్‌లో నియమములను ప్రకటించును. కాని ఆ నియమము కర్మాగారపు గేటు దాటి లోపలికి పోవలెనన్నచో దానిని చేతబట్టుకొని పోవు మనిషి యొకడు కావలెను. బొగ్గుతో నడచు విద్యుత్ కేంద్రముల పొగ విషయమున ఆ మనిషి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఉద్యోగి. ఆతడు కొలిచిననే నియమమునకు ప్రాణము. కొలువనిచో అది కాగితము మాత్రమే.

ఈ పాఠము ముఖ్యముగా తల్లిదండ్రుల కొరకు వ్రాయబడినది. పిల్లలు పై తరగతులలో వాయు కాలుష్యమును గురించి చదువుచున్నారు. వారు ఇంటికి వచ్చి ప్రశ్నించినపుడు చట్టమెవరిది, దానిని నడుపువారెవరు, అందులో మనకు గల స్థానమేమి అను మూడు సంగతులు పెద్దలకు తెలిసియుండుట మంచిది.

ఈ విషయము మనకేల?

గంజాము జిల్లాలో పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రమేదియు లేదు. దేశములో గాలి ప్రమాణములను అందుకొనలేని నగరముల పట్టికలో ఒడిశానుండి అనుగుల్, తాల్చేరు, కటకము, భువనేశ్వరము, బాలేశ్వరము, రూర్కెలా, కళింగనగరము అను ఏడు పేర్లున్నవి. బరంపురము పేరు అందులో లేదు. అంతమాత్రమున ఇది మనకు సంబంధింపని విషయమని తలపరాదు.

ఒడిశాలో పుట్టు విద్యుత్తులో పెద్ద భాగము బొగ్గునుండి వచ్చునదే. తాల్చేరు సమీపమున కనిహవద్ద ఎన్.టి.పి.సి. వారి 3,000 మెగావాట్ల కేంద్రమున్నది. అందు 2,000 మెగావాట్లు దక్షిణ రాష్ట్రముల కొరకు నిర్మింపబడినవి. అక్కడి విద్యుత్తు 2003 నుండి కోలారు వరకు వేయబడిన ప్రత్యేకమైన తీగమీదుగా దక్షిణమునకు పోవుచున్నది. అనగా ఆంధ్రదేశమున మన బంధువుల ఇండ్లలో వెలుగు దీపములలో కొన్నింటికి ఒడిశా బొగ్గే నూనె. వెలుగు అక్కడ, బూడిద ఇక్కడ. ఉద్యోగముల కొరకు మన పిల్లలు రేపు అనుగుల్‌కో, ఝార్సుగుడకో, విశాఖపట్టణమునకో పోవుదురు. అక్కడి గాలియే వారి గాలి యగును. గాలికి జిల్లా హద్దులు తెలియవు.

పొగలో నేమున్నది?

మొదట ఒక చిన్న లెక్క. 75 వాట్ల పంకా పదమూడు గంటలకు పైగా తిరిగినచో ఒక యూనిట్ విద్యుత్తు ఖర్చగును. ఆ ఒక్క యూనిట్‌ను పుట్టించుటకు మన దేశపు బొగ్గు సుమారు 700 గ్రాములు కాల్పవలెను. మన బొగ్గులో మూడవ వంతుకు పైగా బూడిద యుండును. కావున ఒక పంకా ఒక రాత్రియు కొంత ప్రొద్దును తిరిగిన ఫలముగా ఎక్కడనో పావు కిలో బూడిద పుట్టుచున్నదని గ్రహింపవలెను.

ఆ బూడిదలో బరువైనది బాయిలరు అడుగున పడును. మిక్కిలి సన్ననిది పొగతో కలిసి పైకి లేచును. పొగగొట్టము చేరకముందే దానిని పట్టుటకు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటరు అను యంత్రముండును. విద్యుదావేశముచేత ధూళికణములను పలకలకు అంటునట్లు చేయుట దాని పని. అది చక్కగా నడచినచో నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు మించి ధూళిని ఆపగలదు. మిగిలిన కొద్దిపాటియే మనము చూచు పొగ.

ధూళి గాక మరి మూడు పదార్థములు కలవు. బొగ్గులోని గంధకము మండగా సల్ఫర్ డయాక్సైడు పుట్టును. మంట వేడికి గాలిలోని నత్రజని మండి నైట్రోజన్ ఆక్సైడులగును. బొగ్గులో లేశమాత్రముగా నుండు పాదరసము ఆవిరియై పోవును. సల్ఫర్ డయాక్సైడు గాలిలో వాయువుగానే నిలువదు. కొంతకాలమునకు సల్ఫేట్ అను అతి సూక్ష్మమైన కణములుగా మారి పుట్టినచోటినుండి బహుదూరము పోవును. అట్టి కణములు ఊపిరితిత్తుల లోతులకు చేరును. పెద్దలకంటె పిల్లలు వడిగా ఊపిరి పీల్తురు గనుక వారికి హాని యెక్కువ.

శాసనముల వరుస

మన రాజ్యాంగమున ప్రజారోగ్యము రాష్ట్రముల జాబితాలోను, విద్యుత్తు ఉమ్మడి జాబితాలోను ఉన్నవి. గాలిని గురించి విడిగా ఏ పద్దును లేదు. 1972లో స్టాక్‌హోమ్ నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో భారతదేశము పాల్గొనెను. అంతర్జాతీయ నిర్ణయములను అమలుపరచుటకు పార్లమెంటుకు అధికారమొసగు 253వ అధికరణము ననుసరించి 1981లో వాయు కాలుష్య నివారణ చట్టము చేయబడెను. అంతకుముందే 1974 నాటి నీటి చట్టము క్రింద రాష్ట్ర మండలులు ఏర్పడుట ఆరంభమైనది. ఒడిశా మండలి 1983లో ఏర్పడెను. దాని ప్రధాన కార్యాలయము భువనేశ్వరమునను, ప్రాంతీయ కార్యాలయములలో నొకటి మన బరంపురమునను ఉన్నవి. 1984 డిసెంబరున భోపాలులో జరిగిన ఘోరము పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చెను. ప్రమాణములను నిర్ణయించు అధికారము ఈ చట్టముచేత కేంద్రమునకు దృఢపడినది.

ఈ మూడు చట్టములను కలిపి చూచినచో పని విభజన తేటపడును. దేశమంతటికి కనీస ప్రమాణము కేంద్రము నిర్ణయించును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సలహా నిచ్చి, రాష్ట్ర మండలుల పనిని సమన్వయపరచును. కర్మాగారమునకు సమ్మతి నిచ్చుట, తనిఖీ చేయుట, నమూనా తీయుట, మూసివేయుమని ఉత్తరువిచ్చుట మొదలగు చేతిపని యంతయు రాష్ట్ర మండలిదే. వాయు చట్టము 18వ సెక్షను ప్రకారము కేంద్ర మండలి వ్రాతమూలకముగా ఇచ్చు ఆదేశములకును, రాష్ట్ర ప్రభుత్వ ఆదేశములకును రాష్ట్ర మండలి లోబడవలెను. ఆ రెండును పొసగనిచో కేంద్ర ప్రభుత్వ నిర్ణయమే తుది నిర్ణయము.

ఇందొక ముఖ్యమైన మెలకువ కలదు. కేంద్రము గీసిన గీతను రాష్ట్ర మండలి వదులు చేయజాలదు. బిగింపవచ్చును. 1986 నాటి పర్యావరణ నియమములలో మూడవ నియమము దీనిని స్పష్టముగా చెప్పుచున్నది. స్థానికముగా గాలి నీరుల స్థితిని బట్టి, కారణములను వ్రాసియుంచి, ఒక పరిశ్రమకు మరింత కఠినమైన ప్రమాణమును విధించు అధికారము రాష్ట్ర మండలికి కలదు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

2015 నాటి ప్రమాణములు

2015 డిసెంబరు 7వ తేదీకి పూర్వము బొగ్గు విద్యుత్ కేంద్రముల పొగలో ధూళికి మాత్రమే జాతీయ పరిమితి యుండెను. ఘనమీటరు పొగలో పెద్ద యూనిట్లకు 150 మిల్లీగ్రాములు, చిన్నవాటికి 350 మిల్లీగ్రాములు. గంధకమునకు పొగగొట్టపు ఎత్తు మాత్రమే నిర్ణయింపబడి యుండెను. ఆనాటి ప్రకటన నాలుగు పదార్థములకును హద్దులు గీచినది.

యూనిట్ల వయస్సునుబట్టి మూడు తరగతులు చేయబడినవి. 2003 డిసెంబరు లోపల స్థాపింపబడినవాటికి ధూళి 100 మిల్లీగ్రాములు. 2004 మొదలు 2016 వరకు స్థాపింపబడినవాటికి 50. 2017 జనవరి తరువాతివాటికి 30. సల్ఫర్ డయాక్సైడు మొదటి రెండు తరగతులలో 500 మెగావాట్లకు తక్కువైన యూనిట్లకు 600, అంతకు పెద్దవాటికి 200, క్రొత్తవాటికి 100. నైట్రోజన్ ఆక్సైడులు వరుసగా 600, 300, 100. నడిమి తరగతివారి 300 పరిమితి 2020 అక్టోబరున 450కి పెంచబడెను. పాదరసమునకు 0.03.

మిల్లీగ్రామనగా గ్రాములో వేయవ వంతు. ఇంత చిన్న కొలతతో నేమి ప్రయోజనమని కొందరడుగవచ్చును. 500 మెగావాట్ల యూనిట్ గంటకు 20 లక్షల ఘనమీటర్ల పొగను విడుచుచున్నదని లెక్కకొరకు అనుకొందము. ఘనమీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున గంటకు 200 కిలోల ధూళి, దినమునకు 4,800 కిలోలు. 50 చొప్పున దినమునకు 2,400 కిలోలు. 30 చొప్పున 1,440 కిలోలు. ఒక్క యూనిట్‌కే ఇంత వ్యత్యాసము. గెజిట్‌లోని ఒక అంకె మారినచో ఊరిమీద పడు ధూళి బండ్లకొలది తగ్గును, లేదా పెరుగును.

ఈ కొలతలో మోసము జరుగకుండ మరియొక జాగ్రత్త యున్నది. పాలలో నీరు కలిపినచో వెన్నపాలు తగ్గినట్లు, పొగలో గాలి కలిపినచో మిల్లీగ్రాములు తగ్గినట్లు కనబడును. అందుచేత పొగను నియమిత ఉష్ణోగ్రతకు, నియమిత పీడనమునకు, నియమిత ఆమ్లజని శాతమునకు సరిచూచి లెక్కకట్టుదురు.

రాష్ట్ర మండలి చేతిపని

మండలి పని సమ్మతితో ఆరంభమగును. కర్మాగారము కట్టుటకు ముందు స్థాపన సమ్మతి, నడుపుటకు ముందు నిర్వహణ సమ్మతి తీసికొనవలెను. దరఖాస్తు అందిన నాలుగు నెలలలో మండలి నిర్ణయము చెప్పవలెనని చట్టము. సమ్మతి పత్రమున షరతులు వ్రాయబడును. ఎంత ఎత్తు పొగగొట్టము, ఏ యంత్రము, ఎన్ని మిల్లీగ్రాములు, బూడిద ఎచట నిలువచేయవలెను అను వివరములన్నియు అందుండును. కేంద్ర ప్రమాణము దేశమంతటికిని ఒకటే. అది ఫలానా ఊరిలోని ఫలానా గొట్టమునకు వర్తించునట్లు చేయునది ఈ పత్రమే.

రెండవది తనిఖీ. మండలి ఉద్యోగికి తగిన వేళలందెల్ల కర్మాగారములో ప్రవేశించు హక్కు 24వ సెక్షను ఇచ్చుచున్నది. నమూనా తీయు విధానము 26వ సెక్షనులో చెప్పబడినది. యజమానికి తెలియజేయవలెను. ఆతని సమక్షమున పొగ నమూనా తీసి, ముద్రవేసి, ఇరువురును సంతకములు చేసి, ప్రయోగశాలకు పంపవలెను. ఈ వరుస తప్పినచో ఆ పరీక్షాఫలము న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లదు. ఒక్క సంతకము లోపించుటచేత నేరము ఋజువు గాకపోవచ్చును. కావున శిక్షణ పొందిన ఉద్యోగులు తగినంతమంది లేని మండలి ఎంత సద్బుద్ధి గలదైనను చేయగలిగినది స్వల్పము.

మూడవది యంత్రపు కాపలా. విద్యుత్ కేంద్రములతో సహా పదునేడు రకముల పరిశ్రమలు పొగగొట్టములందు నిరంతరము కొలుచు పరికరములను అమర్చుకొనవలెనని కేంద్ర మండలి 2014లో ఆదేశించెను. ఆ అంకెలు కేంద్ర, రాష్ట్ర మండలుల కంప్యూటర్లకు తమంతట తామే చేరుచుండవలెను. అయినను పరికరమును సరిగా సర్దుబాటు చేసినారో లేదో చూచుటకు తిరిగి మనిషే పోవలెను. వేసవిలో తూకపురాళ్లు సరిచూచు అధికారి లేనిచో సంతలోని తక్కెడ నెవరు నమ్ముదురు?

నాలుగవది వార్షిక పత్రము. మార్చి 31తో ముగియు సంవత్సరమునకు సంబంధించిన పర్యావరణ వివరణ పత్రమును ప్రతి కర్మాగారమును సెప్టెంబరు 30 లోపల రాష్ట్ర మండలికి సమర్పింపవలెను.

అయిదవది దండన. 31-ఎ సెక్షను క్రింద కర్మాగారమును మూయించుటకు, దానికి నీరు విద్యుత్తులను ఆపుటకు మండలి ఉత్తరువీయగలదు. పూర్వము ప్రమాణోల్లంఘనకు జైలుశిక్ష యుండెను. 2023 నాటి జన విశ్వాస చట్టము ఆ స్థానమున పదివేలనుండి పదునైదు లక్షల రూపాయల వరకు జరిమానాను ఏర్పరచెను. ఈ మార్పు 2024 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది. కోట్ల వ్యాపారము చేయు సంస్థకు పదునైదు లక్షలు భారము గావు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మరియొక ద్వారము తెరచినది. జరిగిన హానికి, జరుగబోవు హానికిని పరిహారముగా ధనము వసూలుచేయు అధికారము మండలులకు గలదని తీర్పు చెప్పెను. అయితే దానికి తగిన నియమములను ముందుగా ఏర్పరచుకొనవలెను.

ఇందలి కష్టము నొకదానిని దాచరాదు. కనిహ కేంద్రము కేంద్రప్రభుత్వ సంస్థది. ఝార్సుగుడ జిల్లా బనహర్‌పాలివద్ద నున్న ఇబ్ కేంద్రము ఒడిశా ప్రభుత్వ సంస్థయైన ఓ.పి.జి.సి.ది. రాష్ట్ర మండలి సభ్యులను నియమించునదియు రాష్ట్ర ప్రభుత్వమే. కావున మండలి ఒకవైపు తనకంటె బలవంతుడైన కేంద్ర సంస్థను, మరియొకవైపు తనను నియమించిన ప్రభుత్వపు సొంత సంస్థను తనిఖీ చేయవలసి వచ్చుచున్నది. పరీక్షాపత్రములు దిద్దు ఉపాధ్యాయుడు సొంతబిడ్డ పత్రమును దిద్దినట్టి స్థితి యిది. దిద్దరాదని కాదు. దిద్దినది పదిమందికి చూపవలెను. అంకెలు బహిరంగముగా నుండుటయే ఇట్టిచోట నిష్పక్షపాతమునకు ఆధారము.

గడువుల కథ

2015 నాటి ప్రకటన పాత యూనిట్లకు రెండేండ్ల గడువిచ్చెను. అనగా 2017 డిసెంబరు. ఆ నెలలోనే గడువు 2022 వరకు పొడిగింపబడెను. 2021 మార్చి 31న కేంద్రములను మూడు వర్గములుగా విభజించిరి. దేశ రాజధాని ప్రాంతమునకు గాని, పదిలక్షల జనాభా గల నగరములకు గాని పది కిలోమీటర్లలోనివి మొదటి వర్గము. తీవ్ర కాలుష్య ప్రాంతములకును, గాలి ప్రమాణములు అందుకొనని నగరములకును పది కిలోమీటర్లలోనివి రెండవ వర్గము. తక్కినవన్నియు మూడవ వర్గము. వరుసగా 2022, 2023, 2024 డిసెంబరులు గడువులైనవి. సల్ఫర్ డయాక్సైడు విషయమున 2022 సెప్టెంబరులో రెండేండ్లు, 2024 డిసెంబరులో మూడేండ్లు మరల పొడిగించిరి. తుదకు 2025 జూలై 11న పొగగొట్టపు ఎత్తు నియమమునకు లోబడి మూడవ వర్గమునకు సల్ఫర్ డయాక్సైడు ప్రమాణమునుండి మినహాయింపు నిచ్చిరి. రెండవ వర్గము సంగతి ఒక్కొక్కటిగా నిపుణుల సంఘము పరిశీలించును. మొదటి వర్గము 2027 డిసెంబరు లోపల పాటింపవలెను. దేశములోని యూనిట్లలో ఎక్కువ భాగము మూడవ వర్గమునకు చెందినవే.

మినహాయింపునకు కారణములు లేకపోలేదు. మన బొగ్గులో గంధకము తక్కువ. చాల ఊళ్ల గాలిలో సల్ఫర్ డయాక్సైడు పరిమితికి లోపలనే యున్నది. సున్నపురాతి ముద్దతో గంధకమును పట్టు ఎఫ్.జి.డి. యంత్రము ఖర్చుతో కూడినది, సున్నపురాయిని త్రవ్వి తెచ్చుటయు కాలుష్యమే యని చెప్పిరి. ఎదుటి వాదమును వినవలెను. వాయువుగా కొలిచినపుడు తక్కువయే గాని, అది సల్ఫేట్ కణములుగా మారి ధూళిలో చేరినపుడు ఆ లెక్కలో కనబడదు. ఎత్తైన గొట్టము పొగను తగ్గింపదు. దూరముగా చేరవేయును. మన వాకిటి చెత్తను ఎత్తుగా విసరినంత మాత్రమున అది చెత్త గాకపోదు, పొరుగువాని వాకిట పడును.

ఇక్కడ మన సామెత తలక్రిందులైనది. పూజారి వరమియ్యలేదనుట కాదు. దేవుడే మరల మరల ముహూర్తము మార్చినాడు. తిలాపాపము తలా పిడికెడు. అయినను రాష్ట్ర మండలికి చేయదగిన పని లేకపోలేదు. ధూళి మొదలగు తక్కిన పదార్థముల గడువులు 2024 డిసెంబరుతో అన్ని వర్గములకును ముగిసినవి. వాటిని నేడు కొలువవచ్చును, నేడు అడుగవచ్చును. ఇంతకుముందు చెప్పినట్లు, గాలి చెడిన చోట కారణములు వ్రాసి కఠినమైన ప్రమాణమును విధించు అధికారమును ఏ ప్రకటనయు తీసివేయలేదు.

ఖర్చు నిర్ణయించు సంస్థ

రాష్ట్ర సంస్థలలో మరియొకటి విద్యుత్ నియంత్రణ కమిషను. ఒడిశా కమిషను 1996లో ఏర్పడినది. ఇది దేశమున మొట్టమొదటి రాష్ట్ర కమిషను. చట్టము మారుటచేత విద్యుత్ కేంద్రము క్రొత్త యంత్రము పెట్టుకొనవలసి వచ్చినచో ఆ ఖర్చును ధరలో కలుపుకొనవచ్చునని కేంద్రము 2018లో చెప్పెను. న్యాయమైన ఖర్చు ఎంత, అందు యూనిట్‌పై ఎన్ని పైసలు పడవలెను అను నిర్ణయమును కేంద్ర సంస్థల విషయమున కేంద్ర కమిషను, రాష్ట్ర సంస్థల విషయమున రాష్ట్ర కమిషను చేయును. బరంపురము కేంద్రముగా పనిచేయు విద్యుత్ పంపిణీ సంస్థ మన ఇంటికి పంపు బిల్లులో ఆ పైసలు చేరును. శుభ్రమైన గాలి ఉచితముగా రాదు. అయితే మురికిగాలి ఖర్చు మందులషాపు రసీదులో చేరును. ఏ కమిషనుయు దానిని లెక్కింపదు.

పరదేశపు పద్ధతి

అమెరికాలోను ఇట్టి విభజనయే కలదు. 1970 నాటి స్వచ్ఛవాయు చట్టము ప్రకారము కేంద్ర సంస్థ ప్రమాణము నిర్ణయించును. ఒక్కొక్క రాష్ట్రము దానిని సాధించు ప్రణాళికను స్వయముగా వ్రాసి పంపును. ప్రణాళిక చాలనిదైనచో కేంద్రమే తన ప్రణాళికను విధించును. మన రాష్ట్ర మండలులు సమ్మతి పత్రములు వ్రాయును గాని, ఎన్నేండ్లలో గాలి నెంత బాగుచేయుదుమని విద్యుత్ కేంద్రముల విషయమై చట్టబద్ధమైన రాష్ట్ర ప్రణాళికను వ్రాయవలసిన విధి వాటికి లేదు. అక్కడను వివాదములు లేకపోలేదు. బొగ్గుపులుసు వాయువు విషయమున ఆ కేంద్ర సంస్థ అధికారమునకు అక్కడి సుప్రీంకోర్టు 2022 జూన్‌లో హద్దు గీచెను.

మన భాష, మన హక్కు

ఇక తల్లిదండ్రులకు ముఖ్యమైన మాట. క్రొత్త విద్యుత్ కేంద్రమునకు పర్యావరణ అనుమతి కేంద్రమిచ్చినను, 2006 నాటి ప్రకటన ప్రకారము ప్రజాభిప్రాయ సేకరణ సభను జరుపవలసినది రాష్ట్ర మండలి. జిల్లా కలెక్టరు గాని, ఆతని ప్రతినిధి గాని అధ్యక్షత వహించును. ముప్పది దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. నివేదిక సారాంశము ఇంగ్లీషులోను, రాష్ట్ర భాషలోను ఉండవలెను. సభ ముగింపున వ్రాసికొనిన సంగతులను స్థానిక భాషలో చదివి వినిపింపవలెను.

ఈ సభ ఎంత ముఖ్యమో మన పొరుగు శ్రీకాకుళము జిల్లాలోని సోంపేట చెప్పగలదు. అచటి బీల యను తంపర భూములలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రము తలపెట్టబడెను. రైతులు, మత్స్యకారులు ప్రతిఘటించిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రపు అనుమతిని రద్దుచేసెను. నీరు నిలుచు భూమిని నీరు నిలుచు భూమియని కాగితముమీద సరిగా వ్రాయించుట సభనాడే జరిగినచో, ఆ మాట రక్తముతో వ్రాయవలసిన పని యుండదు.

మన స్థితిలో నొక చిక్కు కలదు. బరంపురపు తెలుగువారి పెద్దలలో పలువురికి ఒడియా మాటలాడుట వచ్చును, చదువుట రాదు. సభా ప్రకటన ఒడియాలో వచ్చును. సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండవలెను. ఒక కర్మాగారపు సమ్మతి పత్రపు నకలు కావలెనన్నచో ఇదియే మార్గము. అందుచేత బడిలో ఒడియా నేర్చుచున్న మీ బిడ్డచేత పత్రికా ప్రకటనలు చదివించుకొనుడు. అది వానికి పాఠము, మీకు ఉపకారము.

అయితే కష్టము చెప్పుకొనుటకు మన భాష చాలును. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము ఏ వ్యక్తియైనను తన బాధను తీర్చుమని కేంద్రములో గాని, రాష్ట్రములో గాని ఏ అధికారికైనను, ఆయా ప్రభుత్వ పరిధిలో వాడుకలో నున్న ఏ భాషలోనైనను విన్నపము చేసికొనవచ్చును. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య నొసగు 350-ఎ అధికరణము మన పాఠశాలకు పునాది. దానికి ముందు మెట్టుగా నున్న ఈ అధికరణమును మనము మరచుచున్నాము.

విన్నపము ఫలింపనిచో 2010లో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్ కలదు. బాధితుడైన వ్యక్తియే గాక సంఘములును దాని నాశ్రయింపవచ్చును. వివాదకారణము పుట్టిన ఆరు నెలలలోపల పోవలెను. 1936లో గీచిన సరిహద్దునకు ఇవతల నున్న మనకు కలకత్తా బెంచి, అవతల ఇచ్ఛాపురమువారికి చెన్నై బెంచి. పొగ ఒక్కటే, కోర్టులు రెండు.

కేంద్రము గీత గీయును. రాష్ట్రము ఆ గీతవద్ద కావలి నిలుచును. కావలివాడు మేలుకొని యున్నాడా యని అడుగువారు లేనిచో ఎంత మంచి కావలివానికైనను కునుకు పట్టును. ఆ ప్రశ్న అడుగుట ఉద్యమము కాదు, విరోధము కాదు. పౌరుని దినచర్య. ఒక భాషలో ఆలోచించి, రెండవ భాషలో చదివి, మూడవ భాషలో దరఖాస్తు వ్రాయగల మన పిల్లలు ఈ పనికి తక్కినవారికంటె ఎక్కువ తగినవారు.

పిల్లలతో కలిసి ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ఈ నెల మీ ఇంటి విద్యుత్ బిల్లులో ఎన్ని యూనిట్లున్నవి? అవన్నియు బొగ్గునుండియే వచ్చినచో యూనిట్‌కు 700 గ్రాముల చొప్పున ఎంత బొగ్గు కాలియుండును?
2. గంటకు 20 లక్షల ఘనమీటర్ల పొగ విడుచు యూనిట్, ఘనమీటరుకు 200 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు ఎన్ని కిలోల సల్ఫర్ డయాక్సైడును విడుచును?
3. కేంద్ర ప్రమాణమును రాష్ట్ర మండలి ఏ వైపునకు మార్పవచ్చును? ఏ వైపునకు మార్పరాదు? ఎందుచేత?
4. నమూనా తీయునపుడు ఇరువురి సంతకములు ఎందుకు కావలెను?
5. బరంపురములోని ప్రాంతీయ కాలుష్య నియంత్రణ కార్యాలయమునకు, మీ వీథిలో చెత్త కాల్చుటను గురించి తెలుగులో ఒక విన్నపము వ్రాయుము. దానినే ఒడియాలోనికి మార్చి మీ తల్లిదండ్రులకు చదివి వినిపింపుము.